రాణి జవాబులు

మీకొక మహాగాథ చెబుతాను. కాదులెండి, ఇటిక్యాల నుంచి గద్వాల దాకా బస్సులో కూర్చున్నానంతే.

పక్క సీటు తాత కళ్లు మూసుకుని పాడుతున్నాడు. ఒక చరణం పాడి, మళ్లీ అంతే సేపు ఊరుకుని, తర్వాతిది అందుకుంటున్నాడు. ఆ మౌనంలో పత్తిచేలు కూడా ఆగి వింటున్నట్టనిపించింది. నాకు సగం నిద్రలెండి.

"మధ్యలో మర్చిపోతున్నారా తాతా?"

"నేనెందుకు మరుస్త? అవి రాజు పాటలు. నేను రాణిని," అని మీసం దువ్వుకున్నాడు.

ఆ యక్షగానం కట్టిన గురువు ఎవరి పాట వాళ్లకే నేర్పాడట, మొత్తం వస్తే వేరే మేళం పెట్టుకుంటారని. గురువు పోయాడు, కాగితం మీద ఒక్క ముక్క లేదు. రాజు వేషగాడితో ఈయనకు ఏళ్లుగా మాటల్లేవు. ఇప్పుడా రాజు గద్వాల దవాఖానలో ఉన్నాడు.

"వెళ్లి ఏం మాట్లాడతారు?"

"మాటలెందుకు బిడ్డా, పాడ్త. వాడు అందుకోకుంటే మా గురువు ఆట గీడికే ఖతం."

నేనూ వెంట వెళ్లాను. దవాఖాన గేటు వేసుంది, నాలుగింటిదాకా ఎవర్నీ లోపలికి పంపరట. తాత అక్కడే నిలబడి పాడి, ఆగాడు. చాలాసేపటికి మేడమీది కిటికీలోంచి ఒక బొంగురు గొంతు అందుకుంది. రాణి ఏడ్చింది.

గేటు మాత్రం నాలుగింటికే తీశారు.