మెడపట్టీ వేసుకున్న పులి

నా చిన్నప్పుడు మా ఊరి చరిత్రను ఏడాదికొకసారి ఎర్రగుడ్డ విప్పి బయటికి తీసేవారు. తీసి చదివేది మా తాతయ్య. పులివెందుల నుంచి తొండూరు వైపు పోయే దారిలో ఉన్న చిన్న ఊరు మాది. ఊరి మొగదల నిలువెత్తు బండ ఒకటి ఉంది. దాని పక్కనే రాతిలో తనంతట తాను ఏర్పడిన నీటిగుంట. దాన్ని దొన అంటాం. చుట్టుపక్కల బావులన్నీ ఎండినా దొనలో మాత్రం నీళ్ళుండేవి. ఆ బండను వీరప్ప అని పిలిచేవారు.

పుస్తకంలోని చరిత్ర పెద్దదేమీ కాదు. ఒకప్పుడు ఈ చోటంతా అడవి. ఊరి పెత్తనమంతా చేతిలో ఉన్న పెద్దింటివాళ్ళ మూలపురుషుడు ఒంటిచేత్తో పులిని పొడిచి చంపాడు, దొనలో గాయాలు కడుక్కున్నాడు, ఊరికి ముగ్గు పోసి ప్రాణం వదిలాడు. ఆయనకు నిలిపిన రాయే వీరప్ప. కాబట్టి ఊరు పెద్దింటిది. కాబట్టి తిరునాళ్ళలో తొలి టెంకాయ పెద్దింటిది. కాబట్టి దొనలో జీవాలు మూతి పెట్టకూడదు, పెడితే మళ్ళీ పులి వస్తుంది. జీవాలంటే మా వైపు గొర్రెలూ మేకలూ. మొదటి వాక్యం నుంచి ఆ ‘కాబట్టి’లు ఎలా పుట్టుకొచ్చాయని అడిగిన మనిషిని నా బాల్యంలో నేను చూడలేదు. అడగబోయేవాళ్ళకు తాతయ్య దగ్గర సిద్ధంగా ఒక సాక్ష్యం ఉండేది. పులివెందుల పేరులోనే పులి ఉంది కదా, ఇంకేం కావాలి అనేవాడు. పేరులో ఉన్నవన్నీ ఊళ్ళో తిరిగితే మన పల్లెల్లో మనుషులకు చోటుండదని ఇప్పుడైతే అంటాను. అప్పుడు నాకు పదేళ్ళు. తాతయ్య చెప్పిందే లోకం.

పుస్తకం రాసింది తాతయ్య వాళ్ళ నాన్న. ప్రొద్దుటూరులో అట్ట కుట్టించారు. బండకు పూత పూసే పనీ మా ఇంటిదే. ప్రతి తిరునాళ్ళకూ ముందు తాతయ్య నువ్వులనూనెలో పసుపు కలిపి బండంతా దట్టంగా మెత్తేవాడు. ఎన్ని తరాల పూతో, బండ మీద చెక్కిన బొమ్మలు ఉబ్బెత్తు బొడిపెల్లా మిగిలాయి. ఒకటి మనిషి, ఒకటి జంతువు అని మాత్రం తెలిసేది. ఆ జంతువు బొడిపె మీద తాతయ్య దీపం మసితో నల్లచారలు గీసేవాడు. పసుపు ఒళ్ళు, నల్లచారలు, ఇక పులి కాక మరేమవుతుంది? మసిగిన్నె పట్టుకుని పక్కన నిలబడేది నేనే. ఎంత గర్వంగా పట్టుకునేదాన్నో చెప్పలేను. ఆ పూతను గీకినవాళ్ళు రక్తం కక్కుకుని చస్తారని మా ఊళ్ళో ఉగ్గుపాలతోనే నూరిపోసేవారు.

ఆ ఏడు వాన పడలేదు. కుంట ఎండి నెర్రెలిచ్చింది, బావులు అడుగంటాయి. మా ఊళ్ళో ఒకామెను అందరూ గొర్రెలత్త అనేవారు. పెనిమిటి పోయాక అరవై జీవాలను ఒక్కతే మేపుకుని బతికే మనిషి. వాటి వెంట మెడలో ఇనుప ముళ్ళ పట్టీతో ఒక కుక్క తిరిగేది. తోడేలు పీక పట్టకుండా మా వైపు మందకుక్కలన్నిటికీ ఆ పట్టీ వేస్తారు. జీవాలకు నీళ్ళు లేక రోజుకొకటి రెండు పడిపోతున్నాయి. ఆమె మా గడప ముందు నిలబడి దొనలో నీళ్ళు తాగనివ్వమని అడిగింది. పుస్తకం ఒప్పుకోదన్నాడు తాతయ్య.

“పుస్తకంలో యాడో ఒక మూల, ఇవి గూడా తాగొచ్చని రాయరాదా సామీ?” అంది ఆమె.

“నేను రాసింది కాదమ్మా అది, పెద్దలు రాసింది.”

“ఆ పెద్దోళ్ళు రాస్తాన్నప్పుడు మా పెద్దోళ్ళు యాడుండిరో! జీవాలెంట పోయింటారు పాపం” అని నవ్వి వెళ్ళిపోయింది. ఆ నవ్వు మా తాతయ్యకు అర్థమైంది. ఆ పూట ఆయన సరిగా అన్నం తినలేదు. అయినా పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు.

ఆమె పెద్దింటికీ వెళ్ళింది. అక్కడా అదే జవాబు. కుక్కను ఉసిగొల్పలేదు, అదొక్కటే నయం.

ఆ తరువాత పది పన్నెండు రోజులు ఆమె ఏం చేసిందో ఎవరూ పట్టించుకోలేదు. తిరునాళ్ళప్పుడు తప్ప వీరప్ప ముఖం చూసే భక్తుడు మా ఊళ్ళో లేడు. ఆమె పొద్దున్నే మందను బండ పక్కగా తోలుకుపోతూ, ఉప్పు కలిపిన గంజిని ముంతతో దూరం నుంచే బండ మీద చల్లేది. జీవాలకు ఉప్పంటే ప్రాణం. కాపరులు నెలకోసారి రాతి మీద ఉప్పు చల్లి నాకిస్తారు, ఆ పని ఆమెకు పుట్టుకతో వచ్చింది. ఎండకు మెత్తబడిన నూనెపూతను మేకలు రోజూ నాకాయి, పళ్ళతో గీరాయి, కొమ్ములతో రుద్దాయి. తరతరాల పసుపు పెచ్చులు పెచ్చులుగా ఊడి రాలింది.

పూత పూసే రోజు వచ్చింది. తాతయ్య గిన్నెలతో, నేను ఆయన వెనక, పెద్దింటాయన తన మనుషులతో, వాళ్ళ వెనక ఊళ్ళో సగం మంది మిట్టమధ్యాహ్నం ఊరి మొగదలకు చేరాం. చూస్తే బండ చుట్టూ మేకలు. గొర్రెలత్త కర్ర మీద గడ్డం ఆనించుకుని నిలబడి ఉంది.

“ఏమత్తా, నీ మేకలు వీరప్పసామిని తినేస్తాండాయే!” అన్నాడు ఒకడు.

“తినలేదప్పా. మీరెవురూ కడగలేదని మొగం కడగతాండాయి.”

పెద్దింటాయన ముందుకొచ్చాడు. “పూత మింద చెయ్యి పెడితే రక్తం కక్కుకుంటారని తెలీదా నీకు?”

“నేను చెయ్యి పెట్టలేదు పెద్దయ్యా. మేక నాలిక పెట్టినాది. అది కక్కితే అందరం జూద్దాం, నిలబడండి.”

జనం నిజంగానే నిలబడ్డారు. ఇది నేను కల్పించి చెప్పడం లేదు. వందమంది పెద్దలు, మీసాలున్నవాళ్ళు, కోర్టు మెట్లెక్కినవాళ్ళు, ఒక నల్లమేక నోటి వైపు కన్నార్పకుండా చూస్తూ ఎండలో నిలబడ్డారు. మేక పడుకుంది. నెమరు వేసింది. కాసేపటికి లేచి పెంటికలు వేసి, మళ్ళీ బండ నాకడానికి పోయింది. ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. ఎన్ని ఏళ్ళుగానో ఊరిని వణికించిన శాపం ఆ మేక ముందు అలా తేలిపోయింది. బుద్ధి ఉన్న ఊరైతే కథ అక్కడే ముగిసేది.

అప్పుడు అందరూ బండను చూశారు. మనిషి ఉన్నాడు. చేతిలో ఈటె లేదు, కర్ర ఉంది. ఒంటి మీద కవచం లేదు, కంబళి ఉంది. కాళ్ళ దగ్గర వరసగా చిన్న చిన్న గొర్రెలు. పక్కన జంతువు. దాని తోక వీపు మీదికి చుట్టలా తిరిగి ఉంది. మెడలో పట్టీ, పట్టీకి ముళ్ళు. మనిషి దాన్ని పొడవడం లేదు, తల మీద చెయ్యి వేసి ఉన్నాడు. తన మందనూ తన కుక్కనూ కాపాడుకుంటూ చనిపోయిన ఏ కాపరికో అతని మనుషులు నిలిపిన రాయి అది. దానికి పసుపు మెత్తి పెద్దింటివాళ్ళు తమ మూలపురుషుణ్ణి చేసుకున్నారు. అది మా ఇంటి పుస్తకం చేసిన పని.

చూడనివాళ్ళు లేరు. మాట్లాడినవాళ్ళు లేరు. గొర్రెలత్త ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ వచ్చింది. అందరి చూపులూ నేల మీదికి జారాయి. చివరికి ఆమె నా దగ్గర ఆగింది.

“పాపా, బడికి పోతాండావు గదా. పలక మింద జంతువుల బొమ్మలు శానా బాగా గీస్తావంట. నువ్వు చెప్పు. అదేంది?”

ఆమె కుక్క బండ నీడలో, సరిగ్గా ఆ బొమ్మ కిందే కూర్చుని ఉంది. అదే తోక, అదే పట్టీ. నేను దానికి అప్పుడప్పుడు రొట్టెముక్క వేసేదాన్ని. నన్ను చూసి తోక ఊపుతోంది. నేను తల ఎత్తి తాతయ్య ముఖంలోకి చూశాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు. ఆ చెయ్యి నన్ను నొక్కలేదు, బెదిరించలేదు. కేవలం ఉంది.

“పులి” అన్నాను.

పెద్దింటివాళ్ళ వైపు నుంచి నవ్వు లేచింది. పెద్దింటాయన నా తల నిమిరి, బడికి పోయే పిల్ల చెప్పింది విన్నారు కదా అన్నాడు. ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. అంతవరకూ నేల చూసిన కళ్ళన్నీ లేచి గొర్రెలత్తను చూశాయి. ఇక వాటిలో సిగ్గు లేదు. మైల చేసినావు గదే, నీ జీవాలన్నీ చావాల, ఊరిడిసి పో అని అరిచినవాళ్ళలో నిన్నమొన్నటి దాకా ఆమె చేత మేకపాలు పోయించుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఆమె నా మీద కోపగించుకోలేదు. కోపగించుకుని ఉంటే నేను ఎప్పుడో మరిచిపోయేదాన్ని. “సరే పాపా, పులే గానీ” అంది మెల్లగా, జ్వరం వచ్చిన పిల్లను బుజ్జగించినట్టు. మందను అదిలించింది. దొన పక్కగానే పోయింది. నీళ్ళ వాసనకు జీవాలు అటు మళ్ళాయి. పెద్దింటి మనుషులు కర్రలతో అడ్డం నిలబడి తరిమారు. ఆ అరుపులు విన్న చెవులివి.

ఆమె జమ్మలమడుగు దాకా నడిచిందని, పెన్నలో ఇసుక తోడి చెలమల నీళ్ళు తాపిందని తరువాత ఎవరో చెప్పారు. దారి పొడుగునా జీవాలు పడిపోయాయట. మిగిలినవి ఎన్నో అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ఆమె మళ్ళీ మా ఊరికి రాలేదు.

ఆ సాయంత్రమే తాతయ్య బండకు మళ్ళీ పూత పూశాడు, ఎప్పటికన్నా మందంగా. గిన్నె పట్టుకున్నది నేనే. చారలు గీసేటప్పుడు ఆయన చెయ్యి మెడ దగ్గర ఆగింది. పట్టీ ముళ్ళు పసుపులోంచి ఇంకా పొడుచుకొస్తున్నాయి. వాటి మీద ఇంకో ముద్ద పెట్టి అదిమాడు.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే అడిగాను, అది కుక్కే కదా తాతయ్యా అని. ఆయన చాలాసేపు చేతులు రుద్దుకున్నాడు. పసుపు పోలేదు. “ఊరందరికీ తెలిసిందేనమ్మా. తెలిసిందల్లా చెప్పుకుంటూ పోతే ఊరు నిలుస్తుందా?” అన్నాడు.

మా తాతయ్య మంచివాడు. చీమను తొక్కనివాడు. నాకు అక్షరాలు దిద్దించినవాడు. ఇది ఆయన తరఫున నేను చెప్పుకునే సమాధానం కాదు, ఆయన మీద నా ఫిర్యాదు. దుర్మార్గుడు మోసే అబద్ధం వాడితోనే పోతుంది. మంచివాళ్ళు మోస్తే దానికి పూజలు మొదలవుతాయి. నమ్మకాల జోలికి పోవద్దని, అవి ఎవరికీ అపకారం చెయ్యవని నాకు బుద్ధి చెప్పేవాళ్ళు నేను మాట్లాడే సభల్లో ఇప్పటికీ లేస్తుంటారు. మా ఊరి నమ్మకం దొనకు అడ్డంగా కర్ర పట్టుకుని నిలబడింది. దాహంతో ఉన్న గొర్రెను మూతి మీద కొట్టింది. నేను కళ్ళతో చూశాను.

ఈ మధ్య మా ఊరి కుర్రాళ్ళు వచ్చారు. గ్రామ సచివాలయం గోడ మీద ఊరి చరిత్ర రాయించాలి, నువ్వే రాసియ్యి అవ్వా అన్నారు. ఒక పేజీ రాసిచ్చాను, కాపరితో, కుక్కతో. నాలుగు రోజులకు ఫోన్ వచ్చింది. “శానా బాగా రాసినావవ్వా. ఆ కుక్క ఒక్కటి తీసేస్తే సరిపోతాది. పిలకాయలు పులి టీషర్టులు గూడా కొట్టిచ్చుకున్యారు.” తీయనన్నాను. ఇప్పుడు గోడ మీద పులి ఉంది. దానికి నా రాత అక్కరలేదు. దాని కింద నా పేరు లేదు. ఈ వయసులో నేను గెలిచినది అంతమాత్రమే.

నాకు మెత్తదనం లేదంటారు. ఉండేది. ఆ మధ్యాహ్నం దాన్ని వాడి చూశాను, దాని ఫలితం ఒక మంద భరించింది.

అప్పటి నుంచి నాకొక అలవాటు మిగిలింది. బడిపిల్లల దగ్గరికి మాట్లాడటానికి వెళ్ళినా, ఇంట్లో మనవరాలిని ఏదైనా అడిగినా, జవాబు చెప్పే ముందు పిల్ల తల ఎత్తి నా ముఖంలోకి చూస్తుంది. పెద్దవాళ్ళకు ఏం కావాలో వెతుక్కునే ఆ చూపు నాకు బాగా తెలుసు. వెంటనే నేను ముఖం పక్కకు తిప్పుకుంటాను. “ఏంది జేజీ, అట్ల తిరుక్కుంటావు?” అంటుంది మనవరాలు. గోడ వైపే చూస్తూ, నువ్వు చెప్పు, వింటున్నాను అంటాను. అది చెప్పడం పూర్తయ్యేదాకా ఇటు తిరగను.