మునగని కయ్య

బోగోలు పక్కన మా ఊళ్ళో నాకు మూడెకరాల మెట్ట కయ్య, అంటే కాస్త ఎత్తున ఉన్న వరి పొలం, ఉంది. దానికి గట్టు ఆనుకుని ఎకరన్నర ఒక వితంతువుది. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ కయ్యలోకి వెళ్ళే మనిషి. నన్ను అన్నా అని పిలుస్తుంది.

ఆ ఏడు కార్తీకంలో వానలకు కాలవ పొంగింది. పల్లపు కయ్యల్లో నీళ్ళు వారం నిలబడి నాటు కుళ్ళిపోయింది. మా మెట్టలో మాత్రం పొద్దున నిలిచిన నీళ్ళు మధ్యాహ్నానికి దిగిపోయాయి. అప్పట్లో పంటల బీమాకు రైతు వాటా కూడా ప్రభుత్వమే కట్టేది.

నష్టం రాసుకోవడానికి వచ్చిన అధికారి కొత్తవాడు. ఊరు తెలియదు, మూడు ఊళ్ళకు రెండే రోజులు. చదువుకున్నవాణ్ణి కదా అని నన్ను వెంట రమ్మన్నాడు. నేను ఏ సర్వే నంబరు మునిగిందంటే అదే రాసుకున్నాడు. నా మూడెకరాలూ మునిగాయని చెప్పాను. చెప్పేటప్పుడు నోరు తడబడలేదు.

ఆమె మాత్రం గట్టు మీద మమ్మల్ని ఆపింది.

"అన్నా, నా కయ్యలో నీళ్ళు నిలబళ్ళేదు. మునిగిందని రాయబాకండి."

నేను ఆమెను పక్కకు తీసుకెళ్ళి, "గవర్నమెంటు సొమ్మమ్మా. నీదా, నాదా?" అన్నాను.

"మునిగినోళ్ళ సొమ్మన్నా అది," అంది.

నవ్వేసి ముందుకు నడిచాను. కాసేపటికి ఒక సంగతి తోచింది. ఆమెది మునగలేదని ఉంటే, పక్కనే ఉన్న నాది ఎలా మునిగిందని ఎవరైనా అడగరా? ఆమె నంబరు కూడా చెప్పేశాను. ఆమె మీద జాలితో చేశానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను.

డబ్బు పడ్డాక ఆమె బ్యాంకు పుస్తకం పట్టుకుని వెనక్కి ఇచ్చేస్తానని ఆఫీసుకు వెళ్ళిందట. తీసుకునే దారి లేదన్నారట. ఆ డబ్బు పల్లంలో నాటు పోయిన ఒక కౌలు రైతు చేతిలో పెట్టిందని తర్వాత తెలిసింది. నేను మాత్రం నాకు పడ్డ డబ్బుతో కొత్త మోటారు కొన్నాను.

మరుసటి ఏడు ఊళ్ళో మీటింగు పెట్టారు. మన దిక్కు నుంచి బీమాకు వెళ్ళింది తక్కువ, బీమా నుంచి వచ్చింది చాలా ఎక్కువ అని ఒక పెద్ద అధికారి చెప్పాడు. చెరువులోకి వచ్చే నీళ్ళ కంటే తూములో పోయేవి ఎక్కువైతే చెరువు ఎన్నాళ్ళుంటుందని అడిగాడు. ఇకనుంచి రైతు వాటా రైతే కట్టుకోవాలి, రేటు కూడా పెరిగింది. జనం ప్రభుత్వాన్ని తిట్టారు. నేనూ గొంతు కలిపాను. నా ఒక్కడి అబద్ధానికే రేటు పెరగలేదని తెలుసు. మా ఊళ్ళో అలా రాయించుకున్నవాళ్ళు ఎంతమందో కూడా తెలుసు. వాళ్ళ నంబర్లు చెప్పింది నేనే.

నేను ప్రీమియం కట్టాను. ఆమె కట్టలేకపోయింది.

అదే ఏడు కార్తీకంలో తుఫానుకు పై చెరువు కట్ట తెగింది. ఈసారి మా మెట్ట నిజంగానే మునిగింది. నీళ్ళు దిగాక చూస్తే నాటు నల్లబడి పడి ఉంది. నాకు పరిహారం వచ్చింది, ఆమెకు రాలేదు.

నేను కయ్య దగ్గరికి వెళ్ళేసరికి ఆమె మోకాలి లోతు బురదలో ఒక్కతే వంగి, ఎవరినో అడిగి తెచ్చుకున్న నారు నాటుకుంటోంది. గట్టు మీద నిలబడి, పోయినేడు ఆమె నంబరు చెప్పింది నేనేనని ఒప్పుకున్నాను.

"తెలుసన్నా. నీ కయ్య పక్కనే గదా నాది," అంది తల ఎత్తకుండా.

ఈసారి వచ్చినదాంట్లో సగం తీసుకోమన్నాను. ఆమె నడుం నిలబెట్టి నన్ను చూసింది. ఆ ముఖంలో కోపం లేదు.

"నీది మునిగింది, నీకొచ్చింది. ఈసారిది న్యాయంగా వచ్చిందే గదన్నా, ఉంచుకో," అని మళ్ళీ వంగింది.

చెప్పులు విడిచి కయ్యలోకి దిగి నారు అందిద్దామని కూడా నాకు ఆ క్షణాన తోచలేదు. ఇంటికి వచ్చేశాను.