పాకుడు పట్టిన తొట్టి

లైల్ కాస్ట్నర్ తన చేతులతో కట్టిన తొట్టిలో అతనికే చోటు లేదని తేల్చింది అతని ప్రాణస్నేహితుడు.

ఆ వసంతంలో లైల్ కలప కోసం ఉత్తరాన మెండొసీనో వైపు వెళ్ళాడు. ఎవరో పళ్ళ డాక్టరు తన పెరట్లోనూ వేడినీళ్ళ తొట్టి కట్టమన్నాడు. పని మీద పని తగిలి అనుకున్న రోజుకి రాలేకపోయాడు. తిరిగొచ్చింది ఒక శనివారం సాయంత్రం. ఇంటి వెనక రెడ్‌వుడ్ చెట్ల మధ్య ఆవిరి లేస్తోంది. తొట్టి నిండా జనం. మెట్ల పక్క మూలలో, వీపుకి నీళ్ళు చిమ్మే చోట, లైల్ తన వెన్ను కొలత చూసుకుని బిగించుకున్న బల్ల ఒకటుంది. దాని మీద ఆ స్నేహితుడు, కిప్ ఆర్డెన్, కూర్చుని ఉన్నాడు. వాడి భుజం మీద లైల్ భార్య నోరీన్ తల ఉంది.

కిప్ ఒక్కడే నవ్వాడు.

"వచ్చావా? బట్టలు విప్పి దిగరా. ఆ చివర కాస్త జరుగుతార్లే," అన్నాడు.

భార్య చేజారినందుకంటే ఆ "జరుగుతార్లే" అన్న మాటకే లైల్ ఎక్కువ రగిలిపోయాడు. ఇల్లు నోరీన్‌కి వాళ్ళమ్మ ఇచ్చినది. కాబట్టి మర్నాడు సామాను సర్దుకున్నది అతనే. రంపాలు, సుత్తులు, ఉలులు, దుప్పట్లు ట్రక్కులో వేసుకున్నాడు. వాటితోపాటు హీటరు వెనక దాచి ఉంచిన ఒక రేకు డబ్బాని కోటు కింద పెట్టుకుని తీసుకుపోయాడు. అందులో ఉన్నది క్లోరిన్ పొడి. ఆ డబ్బా సంగతి నోరీన్‌కి తెలియదు, కిప్‌కి తెలియదు, ఆ లోయలో ఎవరికీ తెలియదు.

తెలియకూడదు కూడా. బెన్ లోమండ్ చుట్టుపక్కల ఎనభైల మొదట్లో ప్రతి కొండ మలుపులోనూ ఒక తొట్టి ఉండేది, ప్రతి తొట్టికీ అవే నియమాలు. ముందు కుళాయి కింద ఒళ్ళు కడుక్కోవాలి. బట్టలు మేకుకి తగిలించాలి. నీళ్ళలో క్లోరిన్ వేయకూడదు. క్లోరిన్ వాళ్ళకి పట్నపు వాసన, మోటెళ్ళ వాసన, తాము వదిలేసి వచ్చిన తండ్రుల ఇళ్ళ వాసన. మూతపడిన సారా గోదాము నుంచి పాత పీపాని విప్పి తెచ్చి, బద్దలు మళ్ళీ నిలబెట్టి, ఇనుప కట్లు బిగించి లైల్ ఈ తొట్టి చేశాడు. నీళ్ళు కారడం ఆగిన రోజు నుంచి అతను శనివారాల్లో గడ్డం నిమురుకుంటూ ఒకటే ప్రవచనం చెప్పేవాడు. "ఈ చెక్కలోనే చేదు ఉంది. క్రిమిని చెక్కే చంపుతుంది. చెట్టుకి ఎవరు మందు పోశారు?" అనేవాడు. జనం తలలూపేవాళ్ళు. అందరికంటే ఎక్కువ ఊపినవాడు కిప్.

నిజం ఏమిటంటే, కట్టిన కొత్తలోనే బల్లల కింద వేలికి జారుడు తగిలింది. వెన్న పూసినట్టు పల్చటి బంక. లైల్ భయపడ్డాడు. ప్రవచనం అప్పటికే లోయంతా పాకింది, వెనక్కి తీసుకోవడానికి మొహం చెల్లలేదు. తెల్లవారుజామున అందరూ పడుకుని ఉండగా లేచి, మూత తీసి, చెంచాడు పొడి నీళ్ళలో కలిపి పంపు తిప్పేవాడు. మధ్యాహ్నానికి వాసన పోయేది. తొట్టి అద్దంలా ఉండేది. "చూశారా చెక్క మహిమ?" అనేవాడు.

ఆ డబ్బానే ఇప్పుడు పట్టుకుపోయాడు.

ఫెల్టన్ దగ్గర చక్రాల మీద నిలిపిన ఒక ట్రైలరు ఇంట్లో దిగాడు. పనికి వెళ్ళడానికి ఇంకో రోడ్డున్నా నోరీన్ ఇంటి మీదుగానే వెళ్ళేవాడు. మలుపు దగ్గర ట్రక్కు ఆపి చెట్ల పైన ఆవిరి చూసేవాడు. ఆవిరి దట్టంగా ఉంటే మూత తీసి ఉన్నట్టు. మూత తీసి ఉంటే ఇద్దరూ లోపల ఉన్నట్టు. ఒక్కోసారి కిప్ గిటారు వినిపించేది, ఒక్కోసారి నోరీన్ నవ్వు. ఆ నవ్వులో తనకి ఎప్పుడూ వినిపించనిది ఏదో ఉందని లైల్‌కి గట్టి నమ్మకం. తను చేసిన బల్ల మీద ఇంకొకడి వీపు. తను అమర్చిన గొట్టంలోంచి వచ్చే నీళ్ళు ఇంకొకడి నడుముకి. ఆమె విషయంలోనే కాదు, ఆ నీళ్ళ విషయంలో కూడా అసూయపడ్డాడు. పాకుడు ఎప్పుడు పడుతుందా అని, కరువులో రైతు మబ్బు కోసం చూసినట్టు చూశాడు.

పట్టింది. కిప్ దాన్ని ఇంకా మేపాడు. నీలగిరి ఆకులూ సేజ్ అనే ఘాటైన వాసన ఆకులూ పల్చటి గుడ్డలో మూటకట్టి నీళ్ళలో వేలాడదీసేవాడు. పైన నూనె చుక్కలు చల్లేవాడు. పక్కింటి బెర్నీస్, స్కూలు బస్సు నడిపి రిటైరైన ముసలమ్మ, దుకాణంలో లైల్‌కి ఎదురుపడి మోచేతులు చూపించింది. ఎర్రటి పొక్కులు.

"నన్ను టీలో ముంచిన బిస్కెట్టు చేసి పెట్టాడు నాయనా. బల్ల మీద కూర్చుంటే సర్రున జారి గడ్డం దాకా మునుగుతున్నా. నీ చెక్క ఏం చేస్తోంది? సెలవు పెట్టిందా?"

లైల్‌కి నవ్వొచ్చింది. ఇంటికి వెళ్ళి ఒంటరిగా బీరు తాగి ఇంకాసేపు నవ్వాడు.

తర్వాతి వారం నోరీనే వచ్చింది. ట్రైలరు మెట్ల దగ్గర నిలబడింది, లోపలికి రాలేదు. వదులు చొక్కా, అయినా గుడ్డ తగిలిన చోటల్లా బాధ పడుతోంది. ఆ తొట్టిలోకి ఎవరూ బట్టలతో దిగరు కాబట్టి మెడ నుంచి పిక్కల దాకా ఎక్కడా వదలకుండా పొక్కులు. మూడు రోజులు జ్వరం కాసిందట. ఆ నీళ్ళలో ఏదో క్రిమి ఉందనీ, వెంట్రుకల కుదుళ్ళలో చేరిందనీ శాంటా క్రూజ్ డాక్టరు చెప్పాడట.

"దాన్ని కట్టింది నువ్వే. వచ్చి చూడు," అంది.

ఆమె ఒళ్ళు అలా అవుతుందని లైల్ అనుకోలేదు. అతను ఊహించుకున్నదంతా కిప్ జారి పడడం, కిప్ గోక్కోవడం. ఆమె కూడా ఆ నీళ్ళలోనే ఉంటుందన్నది రోజూ తలుచుకుని కుళ్ళిపోయిన సంగతే, అయినా ఈ లెక్కలోకి మాత్రం ఎందుకో రాలేదు.

మర్నాడు పొద్దున వెళ్ళాడు. మూత ఎత్తగానే చెమ్మగిల్లిన గోనెసంచి వాసన కొట్టింది. చెయ్యి పెట్టి బల్ల కింద రాస్తే వేళ్ళ మధ్య తీగలా సాగింది. కిప్ తువ్వాలు చుట్టుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. వాడికీ పొక్కులే. అది చూసి కలగవలసిన సంతోషం సగమే కలిగింది.

"నేనేం తేడాగా చెయ్యలేదురా. నువ్వు చెప్పినట్టే, చెక్కనే నమ్ముకున్నాను," అన్నాడు కిప్.

ఇంటి వెనక గుమ్మంలో నోరీన్ నిలబడి ఉంది. ఆమెకి వినిపించేలా లైల్ అన్నాడు: "నేను నూనె పొయ్యమని చెప్పానా? ఆకులు ఉడకబెట్టమన్నానా? క్రిమికి విందు పెట్టావు కదరా."

"వాసనకని..."

"వాసనకా? ఆమెను చూడు, వాసన బాగుందేమో!"

కిప్ నోరీన్ వైపు చూశాడు. నోరీన్ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

లైల్ పని మొదలుపెట్టాడు. పంపు తిరుగుతుండగానే క్లోరిన్ బాగా గట్టిగా కలిపాడు. ఈ ఒక్కసారికి తప్పదని బహిరంగంగానే ప్రకటించాడు. కాసేపటికి నీళ్ళు చిమ్మే మూతుల్లోంచి బూడిదరంగు పొరలు, తడిసిన కాగితం ముక్కల్లా, కక్కుకుంటూ వచ్చాయి. కంటికి కనబడే పాకుడు ఎంత తోమినా లాభం లేదు, దాని సంసారమంతా గొట్టాల్లోనే. అది మొత్తం బయటికి వచ్చాక నీళ్ళు వదిలేశాడు. ఫిల్టరు పారేశాడు. గట్టి బ్రష్షుతో చెక్కని దాని చారల వెంబడే తోమాడు, సబ్బు తగలనివ్వలేదు. బద్దలు ఆరితే సందులు విచ్చుకుంటాయి, అందుకని సాయంత్రం లోపే మళ్ళీ నింపాడు. కిప్ బకెట్లు మోస్తానని వస్తే అక్కర్లేదన్నాడు. వాడు పక్కకెళ్ళి తన ఆకుల మూటని చెత్తలో వేశాడు. వెయ్యడం నోరీన్ చూడలేదు, లైల్ చూశాడు.

లోపల ఆ రాత్రి ఏం మాటలయ్యాయో లైల్‌కి తెలియదు. వారం తిరక్కుండా కిప్ గిటారు పట్టుకుని సముద్రం వైపు వెళ్ళిపోయాడని బెర్నీస్ చెప్పింది. నోరీన్ పొమ్మనలేదట. "తప్పంతా నాదే, నా ఆకులూ నూనే నీ ఒళ్ళు పాడుచేశాయి" అని ఏడ్చి వాడే పోయాడట.

శనివారాలు మళ్ళీ మొదలయ్యాయి. తొట్టి చూసుకోవడానికి లైల్ వారానికోసారి రావాలి కదా, వచ్చినవాణ్ణి దిగవద్దని ఎవరంటారు? దిగాడు. మెట్ల పక్క మూల, తన బల్ల, తన వీపుకి తన నీళ్ళు. తెల్లవారుజాముల్లో ట్రక్కు దూరంగా ఆపి, నడిచొచ్చి, ఎప్పటిలాగే చెంచాడు పొడి కలిపి పోయేవాడు. తొట్టి మళ్ళీ అద్దమైంది. ఆకులూ నూనే మానేసినందుకే బాగుపడిందని అందరూ అనుకున్నారు. నోరీన్ ఒళ్ళు మానింది. ఆమె ఎదురుగా కూర్చునేది. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాడు లైల్.

"ఈపాటికి కిప్ గిటారు తీసేవాడు," అంది నోరీన్ మొదటి శనివారం.

రెండో శనివారం, "తువ్వాళ్ళు పొయ్యి దగ్గర వెచ్చబెట్టి తెచ్చేవాడు. ఎవరూ అడక్కుండానే," అంది.

లైల్ మూడో శనివారం తువ్వాళ్ళు వెచ్చబెట్టి తెచ్చాడు. నోరీన్ తువ్వాలు మొహానికి అద్దుకుని అలాగే ఉండిపోయింది. అది తనకి దక్కిన కృతజ్ఞత కాదని అతనికి తెలుస్తూనే ఉంది.

"వాడి పాట వినలేక చెవుల్లో నీళ్ళు పోసుకునేదాన్ని," అంది బెర్నీస్. "నువ్వే నాతో అన్నావు కాదటే, అన్నం తిన్న గిన్నె కడగడని, ఒకటే కథ పదిసార్లు చెబుతాడని? ఇప్పుడేమో దేవుడి బొమ్మ పక్కన పెట్టేలా ఉన్నావు."

"గిన్నెలదేముంది బెర్నీస్. తప్పు తనదేనని ఒప్పుకుని ఒక్క మాట ఎదురాడకుండా వెళ్ళాడు. అలాంటి మగాణ్ణి నువ్వెక్కడైనా చూశావా?"

బెర్నీస్ లైల్ వైపు చూసింది. లైల్ నీళ్ళలోకి చూశాడు.

ఆ తర్వాత అతనికి ఆ బల్ల మీద కూర్చోవడం కష్టమైంది. కిప్ ఎదురుగా ఉన్నంతకాలం వాడి పొట్ట కనబడేది, వాడి అపస్వరం వినబడేది, ఏదో ఒకటి ఎంచి మనసులో తిట్టుకునే వీలుండేది. ఇప్పుడు వాడు ఆవిరిలో కలిసిపోయాడు. గిన్నెలు కడగని కిప్‌ని లైల్ ఓడించగలడు. తప్పు ఒప్పుకుని వెళ్ళిపోయిన కిప్‌ని ఎలా ఓడించడం? పైగా ఆ తప్పు వాడికి అంటగట్టింది తనే. తను చెప్పిన అబద్ధమే వాడికి కిరీటమై కూర్చుంది. నోరీన్‌తో నిజం చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాడు. చెబితే కిప్ ఇంకా మంచివాడవుతాడు, తను ఇంకా పురుగవుతాడు. నోరు మూసుకున్నాడు. చెప్పకపోయినా వాడు వారం వారం పెరుగుతూనే ఉన్నాడు.

చివరికి ఒక పొద్దున ట్రక్కు తీసి కొండ దిగాడు. డావెన్‌పోర్ట్ దగ్గర, సముద్రపు గట్టు మీద, చిట్టి క్యాబేజీలు పండించే పొలాల్లో కిప్ పని చేస్తున్నాడు. బోలెడంత పొగమంచు. కిప్ గోనె భుజాన వేసుకుని వరుస చివరికి వచ్చి లైల్‌ని చూసి ఆగిపోయాడు. బాగా చిక్కాడు. చిక్కడం కూడా వాడికి నప్పిందని లైల్‌కి మండింది.

"నోరీన్‌కి ఎలా ఉంది? మచ్చలు పోయాయా?"

"పోయాయి."

"దేవుడి దయ. నిద్రపట్టదురా నాకు. ఎంత పని చేశాను! నువ్వు అంత మంచి తొట్టి కడితే..."

"ఆపు," అన్నాడు లైల్. "నువ్వేం చెయ్యలేదు. నీ నూనె దాన్ని మేపిందేమోగానీ పుట్టించలేదు. చెక్క ఏ క్రిమినీ చంపదు. నేను మొదట్నుంచీ క్లోరిన్ వేస్తున్నాను. తెల్లవారుజామున, మీరంతా నిద్రపోతున్నప్పుడు. పోతూ పోతూ డబ్బా పట్టుకుపోయాను. ఏమవుతుందో తెలిసే పట్టుకుపోయాను."

కిప్ గోనె కింద పెట్టాడు. పొగమంచులో అలల చప్పుడు వినిపిస్తోంది.

"అన్ని శనివారాలా?"

"అన్ని శనివారాలూ."

"చెట్టుకి ఎవరు మందు పోశారు అంటూ, నీయబ్బ..." కిప్ గొంతులో నవ్వో ఏడుపో తేలలేదు. లైల్ మీదికి ఒక అడుగు వేశాడు, పిడికిలి బిగించాడు, మళ్ళీ విప్పాడు. "ఆమె ఒళ్ళు చూశావుగా. చూశాక కూడా నా మీద పెట్టావా?"

"పెట్టాను."

"ఆమెకి చెప్పావా?"

"లేదు. నువ్వు చెప్పుకో. నీ నోటితోనే చెప్పు, నా ముందు కాదు."

"మరి ఇంత దూరం వచ్చి నాకెందుకు చెబుతున్నావు? నీకిప్పుడు తొట్టి ఉంది, ఆమె ఉంది. నేను పోయాను. ఇంకేం కావాలిరా నీకు?"

లైల్ ట్రక్కు ఎక్కి తలుపు వేసుకున్నాడు. ఇంజను పెట్టి అద్దం దింపాడు. లైల్, కిప్ కలుసుకోవడం అదే ఆఖరు.

"ఇంటికి పోరా కిప్," అన్నాడు. "ఎదురుగా ఉన్నప్పుడు నువ్వు ఉత్త వెధవ్వి. లేనప్పుడే మరీ మంచివాడివైపోతున్నావు."