ముఅల్లిం వగ్దీ మణికట్టు

అలెగ్జాండ్రియాలో అన్ఫూషీ చేపల మార్కెట్‌కి తెల్లవారకముందే వెళ్ళేవాళ్ళ చెవిలో ముందు వగ్దీ గొంతు పడేది, ఆ తర్వాతే ముక్కుకి చేపల వాసన తగిలేది. అంత గొంతు, అంత మనిషి. ఆయన పొడుగు అంగీ, ఆ గలాబియా, కుట్టే దర్జీ గుడ్డ కొలిచిన ప్రతిసారీ "ముఅల్లిం, ఇది చొక్కానా, పడవ తెరచాపా?" అని నవ్వేవాడు. ముప్ఫై ఏళ్ళు వేలంపాట పాడిన మనిషి కాబట్టి మార్కెట్లో అందరికీ ఆయన ముఅల్లిం, పెద్దాయన. అత్తారీన్ బజారులోని కాఫీ హోటల్లో మాత్రం వట్టి వగ్దీ. ఆ వట్టి వగ్దీగా ఉండటమే ఆయనకి ఎక్కువ ఇష్టం.

ఆ హోటల్లో శుక్రవారం నమాజు అయ్యాక నలుగురు చేరేవాళ్ళు. నలుగురూ వాచీల పిచ్చోళ్ళే. ట్రాముల్లో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరైన నసీఫ్, పళ్ళ డాక్టరు షహీర్, రొట్టెల బట్టీ అబ్బూద్, వగ్దీ. నసీఫ్ చర్చికి వెళ్ళే మనిషి. మిగతావాళ్ళు మసీదు నుంచి వచ్చేదాకా ఒక్కడే కూర్చుని మూల టేబుల్‌కి కాపలా కాసేవాడు. ఎవరైనా కూర్చోబోతే "ఇక్కడ ఏనుగు కూర్చుంటుంది బాబూ, నలిగిపోతారు" అనేవాడు.

పాత వాచీలు బల్ల మీద పరిచి, ఒకరిది ఒకరు చేతికి పెట్టి చూసుకుంటూ, పొద్దు వాలేదాకా పోట్లాడుకునేవాళ్ళు. దేని గురించంటే సైజు గురించి. నవ్వకండి. ఆ పిచ్చి ఉన్నవాళ్ళకి తెలుస్తుంది, వాచీ ఎవరు చేశారన్నదాని మీద స్నేహాలు చెడవు, ఎన్ని మిల్లీమీటర్లు ఉండాలన్నదాని మీద చెడతాయి.

"వాచీ అంటే ముప్ఫై నాలుగు. మహా అయితే ముప్ఫై ఆరు. చొక్కా చేతి కింద మర్యాదగా ఉండాలి" అనేవాడు నసీఫ్. ఆయన చెయ్యి చెరుకు గడంత ఉండేది.

"నక్కి ఉండటానికి అదేమన్నా దొంగా?" అని వగ్దీ బల్ల గుద్దేవాడు. "నలభై నాలుగు ఉండాలి! వీధి అవతల నిలబడ్డవాడికి టైము కనపడాలి! ఒరేయ్ షహీర్, నీ దగ్గర పళ్ళలో చూసే భూతద్దం ఉందిగా, తీయి. వీడి వాచీ చేతి వెంట్రుకల్లో ఎక్కడో తప్పిపోయింది, వెతుకుదాం."

"నువ్వు ఊరుకోవయ్యా. గోడ గడియారానికి బెల్టు కుట్టించుకుని ఊరేగుతున్నావు."

నలుగురిలో చిన్నవాడు షహీర్, "అన్నా, ముప్ఫై తొమ్మిది దగ్గర రాజీ పడదాం" అనేవాడు. ఇద్దరూ కలిసి అతన్ని తిట్టేవాళ్ళు. ఇరవై ఏళ్ళు ఇదే తంతు.

ఒక వసంతంలో వగ్దీకి అన్నం సయించడం మానేసింది. వేయించిన బూరీ చేప ముందు పెడితే ముఖం తిప్పేసుకున్నాడు. అది చూసి భార్య ఇన్సాఫ్ ఆయన్ని ఆస్పత్రికి బయల్దేరదీసింది. డాక్టర్ల చుట్టూ తిరిగారు. చివరికి ఒకాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, కడుపులో ఉన్నదాని పేరు చెప్పాడు. కోసినా లాభం లేదన్నాడు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే వగ్దీ అన్నాడు, "ఎవరికైనా చెప్పావో, ఇన్సాఫ్, నీతో మాట్లాడను."

"మీ అత్తారీన్ వాళ్ళకి కూడానా?"

"వాళ్ళకే ముఖ్యంగా చెప్పకూడదు. జబ్బు మనిషి ముందు అందరూ గొంతు తగ్గిస్తారు, చూశావుగా మా అన్న విషయంలో. ఊపిరి ఉండగానే ఆయన మంచం పక్కన గుసగుసలు మొదలుపెట్టారు. నసీఫ్ నా ముందు గొంతు తగ్గించి మాట్లాడిన రోజున నేను పోయినట్టే లెక్క. ఆ కుర్చీలో నేను తిట్టాలి, నన్ను తిట్టాలి. నాకు మిగిలింది అదొక్కటే."

మోకాళ్ళ నొప్పులని చెప్పి మార్కెట్ మేనల్లుడికి అప్పజెప్పాడు. గలాబియా ఎలాగూ వదులే, లోపల మనిషి ఎంత కరిగాడో బయటికి తెలీదు. గొంతు ఇంకా గట్టిగానే ఉంది. అంతా దాచగలిగాడు కానీ మణికట్టు ఒక్కటే దాగలేదు. ఆ పెద్ద వాచీ అటూ ఇటూ దొర్లేది, రెండు అంచులూ చేతి బయటికి వేలాడేవి. వలలు కుట్టే సూదితో తోలు బెల్టుకి కొత్త చిల్లు పొడుచుకున్నాడు. కొన్నాళ్ళకి ఇంకోటి. ఎండాకాలంలో కూడా లోపల ఉన్ని బనీను వేసి, దాని చేతి మీద వాచీ బిగించుకునేవాడు.

"ఒక చిన్న వాచీ పెట్టుకోరాదా?" అంది ఇన్సాఫ్, ఆ అవస్థ చూడలేక.

"ఇరవై ఏళ్ళు వాణ్ణి ఏడిపించుకు తిని, ఇప్పుడు నేను చిన్నది పెట్టుకుంటే ఎందుకని అడగడూ? ఏం చెప్పను?"

ఇక్కడే పప్పులో కాలేశాడు పెద్దమనిషి. మార్కెట్ జనాన్ని మోసం చేశాడు, చుట్టాల్ని మోసం చేశాడు, బాగానే ఉంది. కానీ ఎదటి మనిషి ముఖం కన్నా ముందు మణికట్టు చూసేవాళ్ళ మధ్య కూర్చుని, మణికట్టు దాచుకున్నానని అనుకున్నాడు! ఒక్క మిల్లీమీటరు పెద్దది కొంటే అరగంట వాదించేవాళ్ళు, చేత్తో పొడిచిన ఆ వంకర చిల్లుల్ని చూడలేదా? చూశారు. మొదటి చిల్లు పొడిచినప్పుడే చూశారు. చూసి, ముగ్గురూ టీ గ్లాసుల్లోకి తలలు దించుకున్నారు. వెంటనే నసీఫ్ తేరుకుని, "ఏంట్రా ఏనుగూ, ఇవాళ ఇంకా బల్ల గుద్దలేదు?" అని అరిచాడు. వగ్దీ సంతోషంగా బల్ల గుద్దాడు.

తర్వాతి శుక్రవారం షహీర్ చేతికి బుల్లి వాచీ ఉంది. ముప్ఫై నాలుగు.

"ఇదేంట్రా, నువ్వు కూడానా?"

"పెద్ద సైజుల పని అయిపోయిందన్నా. మీరు ఇంకా ఏ కాలంలో ఉన్నారు? లోకమంతా చిన్నవాటి మీద పడింది."

ఆ మరుసటి వారం అబ్బూద్. పిండి పిసికి పిసికి తొడల్లా తయారైన చేతులు ఆయనవి. వాటికో ముప్ఫై మూడు మిల్లీమీటర్ల బంగారు రంగుది. దిండు మీద బొత్తాంలా ఉంది. "ఏం చేస్తాం, కాలం మారింది" అన్నాడు. అబద్ధం చెప్పడం చేతకాదు కాబట్టి చెప్పగానే చక్కెర కోసం లేచి వెళ్ళిపోయాడు.

వగ్దీ కేకలు పెట్టాడు. ద్రోహులన్నాడు. నసీఫ్ మీ అందరికీ ఏం తినిపించాడన్నాడు. కానీ ఇంటికెళ్ళే ట్రాములో ఆయనకి ఒళ్ళు తేలికైంది. లోకమే మారితే తను మారడంలో తప్పేముంది? ఎవరూ ఎందుకని అడగరు. వారం తిరక్కుండానే అత్తారీన్‌లో పళ్ళెంలో పాత వాచీలు పరుచుకుని కూర్చునే ఒక చిల్లర వ్యాపారి దగ్గర ముప్ఫై అయిదుది ఒకటి ఏరుకున్నాడు. అది మణికట్టు మీద కుదురుగా కూర్చుంది.

ఆ శుక్రవారం జరిగిన గోల ఆ హోటలు ఎన్నడూ చూసి ఉండదు. నసీఫ్ కుర్చీ ఎక్కినంత పని చేశాడు. "ఒప్పుకో! ఇరవై ఏళ్ళుగా తప్పు నాదేనని అందరి ముందూ ఒప్పుకో!" అని వేలు చూపించి అరిచాడు. అందరికీ బస్బూసా మిఠాయి తెప్పించాడు. "ఒప్పుకోను, సరదాకి పెట్టుకున్నాను" అని వగ్దీ ఎదురు అరిచాడు. మిఠాయి రెండు ముద్దలు కూడా దిగలేదు. అయినా ఆ రోజంతా ఆయన ముఖంలో వెలుగే. ఆ ఎండాకాలం ఆయనకి దక్కిన మంచి రోజు అదొక్కటే అనుకోండి.

చిన్నది అలవాటయ్యాక, పెద్దది పెట్టెలో ఎందుకని జగ్‌లూల్ కొట్టుకి తీసుకెళ్ళాడు. పాత వాచీల బేరానికి అత్తారీన్‌లో జగ్‌లూలే పెద్ద. మంచివాడే, నోరే ఆగదు.

"దీన్ని అమ్ముతావా ముఅల్లిం? పిచ్చా? కుర్రాళ్ళు ఈ సైజు కోసమే కొట్టుకుంటున్నారు."

"పెద్దవి ఎవరూ చూడట్లేదన్నారే?"

"ఎవరన్నారు? ఆ మాటకొస్తే మీ నసీఫ్‌దీ ఇలాంటి వింత వరసే. మొన్నామధ్య వచ్చి నా దగ్గర రెండు చిన్న వాచీలు అడిగి పట్టుకెళ్ళాడు, పళ్ళ డాక్టరుకీ బట్టీ ఆయనకీ అని. కొనడట, కొన్నాళ్ళు పెట్టుకుని తిరిగిచ్చేస్తారట. ఎన్నాళ్ళయ్యా అని అడిగితే కళ్ళు తుడుచుకున్నాడు. వాళ్ళింట్లో ఎవరికైనా బాగాలేదా ఏంటి?"

వగ్దీ వాచీ జేబులో వేసుకుని నడిచి నడిచి సముద్రం ఒడ్డు గోడ మీద కూలబడ్డాడు. ముందు ఒళ్ళు మండిపోయింది. నన్ను పసిపిల్లాణ్ణి చేసి ఆడిస్తారా, రేపే వెళ్ళి నాలుగూ దులిపేస్తాను అనుకున్నాడు. తర్వాత అబ్బూద్ చేతి మీద ఆ బొత్తాం వాచీ గుర్తొచ్చింది. ఆ అబద్ధాలాడలేని మొద్దు, సిగ్గు చంపుకుని దాన్ని పెట్టుకుని బట్టీ ముందు కూడా తిరుగుతున్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది. దారిన పోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చాడు.

శుక్రవారం వెళ్ళాడు. ఏమీ తెలియనట్టే అరిచాడు, తిట్టాడు, చిన్న వాచీల గొప్ప నసీఫ్ కన్నా ఎక్కువ చెప్పాడు. వాళ్ళు ఆయన కోసం నటించారు, ఆయన వాళ్ళ కోసం నటించాడు. నన్నడిగితే నలుగురినీ నిలబెట్టి కడిగెయ్యాలనిపిస్తుంది. ఇంత ప్రేమ పెట్టుకుని ఒక్కడికీ నోరు పెగల్లేదేం? ఒక్కడన్నా ఆ మనిషి భుజం మీద చెయ్యి వేసి ఏడ్చి ఉంటే ఏం పోయేది?

వానలు మొదలయ్యేసరికి వగ్దీ మంచం దిగలేకపోయాడు. ఆ శుక్రవారం నసీఫే ఇంటికి వచ్చాడు. ఇన్సాఫ్ తలుపు తీసి పక్కకి తప్పుకుంది. నసీఫ్ గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని, గదిలోకి కేకేస్తూ వెళ్ళాడు.

"ఏంట్రా ఏనుగూ! నీ కుర్చీలో పిల్లి పడుకుంటోంది, పరువు తీస్తున్నావు!"

వగ్దీ నవ్వబోయాడు. చెయ్యి చాపి, బల్ల మీదున్న వాచీ పెట్టమన్నాడు. నసీఫ్ బెల్టు చివరి చిల్లుకి బిగించాడు. చెయ్యి కాస్త ఎత్తగానే అది మోచేతి దాకా జారిపోయింది. నసీఫ్ తడుముకోలేదు. జేబులోంచి ఇంకా చిన్నది, ఇరవై ఎనిమిదిది తీశాడు.

"ఇదిగో, నేననుకుంటూనే ఉన్నా. ఇప్పుడు ఇవే నడుస్తున్నాయిరా. వచ్చే ఏడాదికి అందరూ వీటి మీదే పడతారట. ముప్ఫై అయిదు అంటే నవ్వుతున్నారు జనం!"

"నసీఫ్."

"నిజంరా, షహీర్ కూడా..."

"చాలు నసీఫ్. జగ్‌లూల్ చెప్పాడు నాకు. ఎండాకాలంలోనే చెప్పాడు."

నసీఫ్ చేతిలో ఆ బుల్లి వాచీ అలాగే ఉండిపోయింది. బయట వాన రేకుల మీద పడుతోంది.

"ఇంకెంత చిన్నవి తెస్తావురా?" అన్నాడు వగ్దీ. "ఎక్కడిదాకా తెస్తావు?"

"ఏం మాటలురా అవి!" నసీఫ్ మళ్ళీ గొంతు పెంచాడు. "లేచి తిరిగే మనిషివి! వచ్చే వారం హోటల్లో నిన్ను..."

"అరవకు" అన్నాడు వగ్దీ. "మెల్లిగా మాట్లాడు. నాకు భయమేస్తోంది."

నసీఫ్ వాచీ మంచం మీద పెట్టేసి, ఆ మణికట్టుని చేత్తో పట్టుకున్నాడు. బొటనవేలు చూపుడు వేలి మీదికి చాలా దూరం వచ్చేసింది. వంటింట్లో ఇన్సాఫ్‌కి వినపడనంత మెల్లిగా, "నాకూ భయంగానే ఉందిరా" అన్నాడు.