అత్తమ్మ కాచిన బోరు నీళ్లు

మొన్న మహబూబాబాద్‌లో ఉండే నా కూతురి ఇంటి నుంచి తిరిగొచ్చి, వాకిట్లో చెప్పులు విడుస్తుంటే వంటింట్లో నీళ్లు మసిలే చప్పుడు వినిపించింది. చాయ్ పెడుతున్నారనుకున్నాను. లోపలికి పోయి చూస్తే నా కోడలు పెద్ద గిన్నె నిండా నీళ్లు కాస్తోంది. రోడ్డు పనిలో గోదావరి నీళ్ల పైపు పగిలిందట, నేను ఊరికి పోయినప్పటి నుంచీ నల్లా రావడం లేదట. "మరి గివి ఎక్కడియి?" అన్నాను. "బడి కాడి బోరువి అత్తమ్మా. ఉత్తగ తాగిపిస్తలేను, మంచిగ మసలబెట్టే మీ మనవరాలికి ఇస్తున్న" అంది. నేను గడప మీదే కూర్చుండిపోయాను. ఆ నీళ్లు తాగొద్దని ఆ బోరుకు ఎప్పుడో ఎర్ర రంగు వేశారు. ఇప్పుడది వెలిసిపోయింది. కోడలు ఈ దిక్కు పిల్ల కాదు. ఆ ఎరుపు ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి. ఆ బోరు నీళ్లు కాస్తే నాకెందుకంత భయమో చెప్పాలంటే ముందు మా అత్తమ్మ సంగతి చెప్పాలి.

పెళ్లయి జనగామ దగ్గరి ఈ ఊరికి నేను వచ్చేసరికే ఆమె నడుము వంగిపోయి ఉంది. ముసలిదేం కాదు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను పట్టేసింది, మెడ పైకి లేవదు. అందుకని మనుషులను కాళ్లు చూసి గుర్తుపట్టేది. ఎవరి మెట్టెలు ఎలాంటివో, ఎవరి మడమ ఎక్కడ పగిలిందో అన్నీ తెలుసు. మా మరిది కల్లు తాగొచ్చి మెల్లగా పక్క నుంచి జారుకోబోతే, "ఏందిరా, నీ కుడికాలు ఎడమ దిక్కు పోతాంది" అని ఆపేసేది. నన్ను చూసుకోవడానికి మాత్రం మంచం మీద పక్కకు ఒరిగి పడుకుంది. "జర గిట్ల దగ్గరికి రా బిడ్డా, నీ మొకం సూడనీ" అంది. మా అత్తమ్మ నన్ను మొదటిసారి చూసింది అలా పడుకునే.

నా కొడుకు పరుగులు తీసే వయసుకు వాడి మోకాళ్లు లోపలికి వంగడం ముందు కనిపెట్టింది ఆమే. ఆమె చూపు ఎప్పుడూ ఆ ఎత్తులోనే ఉండేది కదా. ఆ రోజు అన్నం తినలేదు. మర్నాటి నుంచి వాడికి విడిగా నీళ్లు కాయడం మొదలుపెట్టింది. విషమైతే మంటకు పోకుండా ఎక్కడికి పోతుందని ఆమె నమ్మకం. కట్టెల పొయ్యి ముందు వంగి, కళ్లలో పొగ నింపుకుని, గిన్నెడు నీళ్లు సగమయ్యేదాకా కాచేది. గిన్నె అడుగున సున్నంలా తెల్లగా పేరుకునేది. దాన్ని గోటితో గీకి నాకు చూపించేది. "సూడు బిడ్డా, విషమంతా గిన్నెకే అంటింది." నేనూ నమ్మాను. చూసిన ప్రతిసారీ ధైర్యంగా ఉండేది. పిల్లాడు మాత్రం "సప్పగ ఉన్నయే నాయినమ్మా" అని మొహం తిప్పేవాడు. బెల్లం ముక్క చేతిలో పెట్టి తాగించేది.

ఒకరోజు దవాఖాన సిస్టరమ్మ పిల్లల పళ్లు చూడటానికి ఇంటికొచ్చింది. ఏం నీళ్లు తాగిస్తున్నారని అడిగితే అత్తమ్మ గొప్పగా గిన్నె తెచ్చి ముందు పెట్టింది. సిస్టరమ్మ గిన్నె వంచి అడుగు చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. "మసలబెడితే పురుగులు సస్తయి అవ్వా. గిది పురుగు కాదు. నీళ్లు ఆవిరైపోతయి, గది మిగిలిన నీళ్లల్లనే ఉంటది. గీ తెల్లది ఉత్త సున్నమే. తగ్గుడు కాదు, ఇంక సిక్కగైతది."

అత్తమ్మ కళ్ల ముందు నా కొడుకు కాళ్లున్నాయి. వాటినే చూస్తూ ఉండిపోయింది. మళ్లీ నీళ్లు కాయలేదు. సిస్టరమ్మ మంచివని చెప్పిన పొలం బావి నుంచి పొద్దున్నే చిన్న బిందె చంకన పెట్టుకుని, ఆగి ఆగి తెచ్చేది. ఒక్క చుక్క తాను తాగేది కాదు. "నాదెట్లనో అయిపాయె, పోరనికి పొయ్యి" అనేది.

నా కొడుకు ఇప్పుడు జనగామలో ఆటో నడుపుతాడు, తెల్లారి పోతే రాత్రికే వస్తాడు, ఇంట్లోకి ఏ నీళ్లు వచ్చాయో వాడికి తెలియదు. మోకాళ్లు మడిచి కింద కూర్చోలేడు. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు, పళ్ల మీద గోధుమ రంగు చారలు. పెళ్లి ఫొటోలన్నిటిలో నోరు మూసుకునే ఉన్నాడు. కోడలు అది సిగ్గనుకుంది.

మొన్న ఆ గిన్నె ఎత్తి నీళ్లన్నీ మోరీలో పారబోశాను. "అయ్యో, గ్యాసంత దండుగాయె" అంది కోడలు. ఖాళీ గిన్నె వెలుతురుకు తిప్పి అడుగున పేరుకున్న తెలుపు చూపించి, మా అత్తమ్మ సంగతంతా చెప్పాను. "నాకెరుక లేదత్తమ్మా, పాపకేమన్న అయితదా?" అని నా చెయ్యి పట్టుకుంది. కొన్నాళ్లు తాగినంత మాత్రాన ఏమీ కాదని ఇప్పటి సిస్టరమ్మ చెప్పింది, భయపడొద్దంది. పక్క ఊరి నుంచి మంచినీళ్ల క్యాన్లు తెస్తున్నాడు కొడుకు.

అయినా నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. మనవరాలికి ముందు పన్ను ఊడి చిగురులో కొత్తది తెల్లగా కనిపిస్తోంది. దాని వెనక ఇంకా రావాల్సినవి ఉన్నాయి, చారలు పన్ను చిగురులో ఉండగానే పడతాయట. పొద్దున లేవగానే పిల్లను వాకిట్లో వెలుతురుకు నిలబెట్టి పెదవి ఎత్తి చూస్తున్నాను. "ఏమున్నది నాయినమ్మా?" అంటుంది. ఏం లేదంటాను. ఆ కొన్నాళ్లు తాగిన బోరు నీళ్లు ఏం చేశాయో తెలియాలంటే ఇంకా ఏళ్లు గడవాలి, అప్పటిదాకా చూస్తూ ఉండటమే నా వంతు.