తాడు పట్టే బామ్మర్ది, నా చార్టులో ఆఖరి గడి

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఒక ఏప్రిల్ నెలలో ఈ ప్రయాణం చేశాను. పల్లెలకు సోలార్ దీపాలు పెట్టే చిన్న సంస్థలో ఉద్యోగం నాది. అంతవరకూ పెద్దవాళ్ల వెనక ఫైళ్లు మోసినదాన్ని, మొదటిసారి ఒక ప్రాజెక్టు మొత్తం నా చేతిలో పెట్టారు. ఆళ్లగడ్డ అవతల నల్లమల అంచున, తొమ్మిది ఇళ్ల చెంచుగూడెం. సోలార్ పలకలు, దీపాలు బిగించడం అయిపోయింది. బ్యాటరీలు చూసుకునే మనిషికి పని నేర్పి, సాయంత్రం నాలుగింటికి వచ్చే అధికారి చేత సంతకం పెట్టిస్తే నా చార్టులో ఆఖరి గడి నిండుతుంది. ఆ సంతకం మీదే మరో మూడు గూడేల దీపాలు ఆధారపడి ఉన్నాయి. సంబరంతో బస్సులో రెప్ప వాలలేదు.

హైదరాబాదు బస్సు తెల్లారి అయిదున్నరకు నంద్యాలలో దించింది. బస్టాండు ఎదుట తోపుడుబండి మీద ఎనిమిది రూపాయలకు బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు. బండి ఆమె నా చేతిలోని రంగురంగుల చార్టు చూసి, ముగ్గుల పోటీకా అని అడిగింది. ప్రాజెక్టు ప్లాను అంటే ఏమిటో అయిదు నిమిషాలు ఉత్సాహంగా చెప్పాను. పాపం, ఓపిగ్గా విని ఇంకో బజ్జీ వేసింది. ఏడింటి బస్సులో గంటకు పైగా ప్రయాణం, ఆళ్లగడ్డలో దిగేసరికి రోడ్డు పక్క విగ్రహాలు చెక్కే ఉలుల చప్పుడు. అక్కడి నుంచి అహోబిలం దాకా బస్సులున్నాయి గానీ, డబ్బా నిండా బ్యాటరీ నీళ్లు ఉన్నాయి కాబట్టి రెండువందల యాభైకి జీపు మాట్లాడాను. డ్రైవరు మాబాషా దారిలో ఒకే ఒక్క మాటన్నాడు.

"గూడెంలో ఈ పొద్దు ఎవరుంటారో చూసుకున్యావా అక్కా?"

అన్నీ చార్టులో ఉన్నాయన్నాను. ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది.

అహోబిలం దాటాక జీపు పోయినంత దూరం పోయి, చివర అరగంట నేనూ మాబాషా డబ్బా మోసుకుంటూ నడిచాం. పదిన్నరకు గూడెం చేరితే మగవాళ్లలో ఒక్కడూ లేడు. నేను పని నేర్పాల్సిన లింగడు, అంటే గూడెంలో ఏడో తరగతి దాకా చదివిన ఏకైక యువకుడు, తెల్లవారకముందే తేనెకు పోయాడట. నాకు కోపం ముంచుకొచ్చింది. ఉత్తరం రాశాను, కబురు పెట్టాను, తారీకు చెప్పాను! గూడెంలో పెద్దదిక్కు గురవమ్మ విస్తరాకులు కుడుతూ తల కూడా ఎత్తలేదు. లింగడి బావ ఈదన్న ఈ రోజు తేనెపట్టు కోసం తాడు కట్టుకుని కొండచరియ దిగుతున్నాడని, పైన ఆ తాడు లింగడే పట్టాలని చెప్పింది. ఇంకెవరూ పట్టకూడదా అన్నాను.

"సొంత తమ్మునికైనా ఈయం. బామ్మర్ది అయితే వదల్డు. జారిస్తే పోయేది వాళ్లక్క బొట్టే గదా."

ఆ తర్వాత ఆమె చెప్పింది విని నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆమె పుట్టిన గూడెంలోనూ ఇంతకుముందు ఎవరో సోలార్ దీపాలు పెట్టారట. ఊరందరికీ కలిపి ఒక్కడికే పని నేర్పారు. వాడు తన ఇల్లు, తన అక్క ఇల్లు చూసుకున్నాడు. మిగతా బ్యాటరీలు నీళ్లు లేక ఎండి, మూడు నెలల్లో చచ్చిపోయాయి. నా చార్టులోనూ అదే రాసి ఉంది: తొమ్మిది ఇళ్లు, ఒక్క లింగడు. సంతకం తెచ్చుకుని నేను వెళ్లిపోతే, వానాకాలానికి ఈ గూడెం మళ్లీ చీకటే.

చార్టు తిరగేసి పరిచాను. తాడులాగే బ్యాటరీనీ బామ్మర్ది చేతికే ఇద్దామని, ఏ ఇంటికి ఏ బామ్మర్ది అని అడుగుతూ రాసుకున్నాను. బామ్మర్ది వేరే గూడెంలో ఉంటే, వరసకు ఎవరవుతారో గురవమ్మే తేల్చింది. ఆకులు పక్కన పెట్టి మరీ చెప్పడం మొదలుపెట్టింది.

మూడింటికి మగవాళ్లు తేనె తట్టలతో దిగారు. తొమ్మిదిమందినీ వరసగా కూర్చోబెట్టి, బ్యాటరీ మీది గీత దాకా నీళ్లు పోయడం, పలక మీద దుమ్ము తుడవడం నేర్పాను. ఒకడు సగం డబ్బా నేల మీదే పోశాడు. ఈదన్న నా నోట్లో తేనెతుట్టె ముక్క పెట్టి, నిదానంగా చెప్పమన్నాడు. నాలుగున్నరకు వచ్చిన అధికారి కాగితం చూసి ముఖం చిట్లించాడు. సంరక్షకుడి పేరుకు ఒక్క గీతే ఉంది, అందులో తొమ్మిది పేర్లు ఇరికించాను. తాడు సంగతి చెప్పాను. ఆయన సంతకం పెట్టాడు గానీ, ఏడాది తర్వాత దీపాలన్నీ వెలిగితేనే మిగతా గూడేలకు మంజూరన్నాడు. పొద్దు గుంకగానే తొమ్మిది దీపాలూ వెలిగాయి. సంతోషంతో ఏడ్చాను, సిగ్గేమీ లేదు.

మీరూ ఏ పని మీదైనా ఆ వైపు వెళ్తుంటే ఒక్క మాట: ఎండాకాలంలో బయల్దేరే ముందు అహోబిలం టీకొట్టులో గూడెం మనుషులు తేనెకు పోయారేమో కనుక్కోండి. చార్టును నమ్మి వెళ్తే ఆకులు కుట్టుకుని రావాలి.

ఏడాదికి అదే అధికారితో మళ్లీ వెళ్లాను. గూడెంలో అడుగు పెట్టగానే చెప్పారు, ఈదన్నా లింగడూ మేక విషయంలో కొట్లాడుకుని నెల రోజులుగా మాటల్లేవని. నా ప్లాను మునిగిందనుకున్నాను. అంతలో లింగడు నీళ్ల డబ్బాతో ఈదన్న ఇంటికి వచ్చాడు. గుమ్మంలో కూర్చున్న బావ వైపు కన్నెత్తి చూడలేదు. బ్యాటరీలో గీత దాకా నీళ్లు పోసి, పలక తుడిచి, వెనుదిరిగాడు. మాటల్లేవన్నారే అని ఆపి అడిగాను.

"ఆయప్పతో లేవు. దీపం మా అక్కది."