రెండు విమానాలకు ఒకే తోక

విమానాల డ్రాయింగ్ ఆఫీసులో ఆమెను అందరూ తోకక్క అనేవారు. చేరిన నాటి నుంచీ ఆమె గీసినవన్నీ తోకలే మరి. ఆ పిలుపుకు ఆమె ఎన్నడూ నొచ్చుకోలేదు. "తల మీరు చూసుకోండి, తోక నాకొదిలేయండి" అని తనే నవ్వేది.

కొత్త యుద్ధవిమానం తోక మాత్రం ఆమెను ఏడిపించింది. చెక్క నమూనాను పెద్ద ఫ్యాన్ల గదిలో పెట్టి గాలి కొట్టించడం, అది వణికితే మళ్లీ బల్ల దగ్గరికి రావడం, ఇదే బతుకైపోయింది. చివరికి రెండు నిలువు రెక్కలను కాస్త బయటికి వాల్చి గీశాక నమూనా గాలిలో కదలకుండా నిలిచింది.

అంతలో పోటీ దేశం తన కొత్త విమానాన్ని బయటపెట్టింది. పత్రికలో ఫొటో చూసి ఆమె తన డ్రాయింగు తెచ్చి పక్కన పెట్టుకుంది. అవే రెండు రెక్కలు, అదే వాలు. అచ్చుగుద్దినట్టుంది.

పెద్దసారు ఆమెను పిలిపించి తలుపు వేశాడు.

"నిజం చెప్పమ్మా. ఎక్కడైనా చూశావా?"

"లేదు సార్. ఆ బరువుకీ ఆ వేగానికీ గాలి ఒప్పుకునేది ఆ తోకనే. వాళ్లకీ అదే దొరికినట్టుంది."

"నేను నమ్ముతాను. లోకం నమ్మొద్దూ? మనది బయటికి రాగానే దొంగలంటారు. ఆ రెక్కలు నిటారుగా పెట్టేయ్."

"వణుకుతుంది సార్."

"కాస్త వణికితే ఏం కాదులే. పైలట్ సర్దుకుంటాడు."

ఆ పైలట్ ఆమె సొంత తమ్ముడు. ఇంకోసారి కాదందామనుకుంది. కానీ దొంగలన్న మాట చెవిన పడ్డాక ఆమెకు తన మీద తనకే అనుమానం పట్టుకుంది. ఎప్పుడో ఎక్కడో ఏ మసక ఫొటోనో చూసి మరిచిపోలేదు కదా? ఆ అనుమానంతోనే పెన్సిలు పట్టుకుని, చెప్పినట్టే గీసిచ్చింది.

తమ్ముడి దగ్గర మాత్రం దాచలేదు. భోజనాల దగ్గర చెప్పేసింది.

"ఈ తోక నాకు నచ్చలేదురా. ఎక్కనని చెప్పేయ్."

"నేను కాకపోతే ఇంకొకడు ఎక్కుతాడక్కా. వాడికి ఈ ముక్క చెప్పేవాళ్లు కూడా ఉండరు. వేగం పెంచకుండా చూసుకుంటాలే."

ఎగిరిన రోజు అతను వేగం పెంచనే లేదు. మలుపు తిరుగుతుంటే తోక గజగజ వణికి ఒక రెక్క చీలిపోయింది. ఎలాగో కిందికి తెచ్చాడు కానీ విమానం రన్‌వే దాటి గట్టు ఎక్కేసింది. ప్రాణం దక్కింది, నడుం విరిగింది. ఇక విమానం ఎక్కే యోగం లేదన్నారు డాక్టర్లు.

తప్పంతా తనదేనని చెప్పి పెద్దసారు ఉద్యోగం మానేశాడు. అయినా ఆమె గుండె మీద బరువు దిగలేదు, గీసిన చెయ్యి తనది. రెక్కలు వాల్చిన పాత తోకనే మళ్లీ పెట్టారు. విమానం చక్కగా ఎగిరింది. అనుకున్నట్టే దేశదేశాల పత్రికలు రెండు ఫొటోలు పక్కపక్కన వేసి వెక్కిరించాయి.

ఆస్పత్రిలో తమ్ముడికి నడక నేర్పిస్తున్నారు. ఇనుప కడ్డీలు పట్టుకుని నిలబడి అతను అడిగాడు.

"కాపీ అంటున్నారటగా?"

"అననీరా. ఆ మాటేదో మనం ముందే పడి ఉంటే సరిపోయేది."

అతను ఒక చెయ్యి కడ్డీ మీంచి తీసి ఆమె భుజం మీద వేశాడు. ఇద్దరూ మెల్లగా కిటికీ వైపు కదిలారు.